నలభై గజాల పరుగు

మార్చి 3, శుక్రవారం

తపస్సుకాలంలో రెండో శుక్రవారం. మాంసం మానే రోజు గనక చర్చి కింది హాల్లో చేపల వేపుడు. జనం మెట్ల మీద దాకా నిలబడ్డారు. నేను క్యాబేజీ తురుము వడ్డించాను. ఏటా నాది అదే పని.

హీటరు పక్క బల్ల దగ్గర మా ఆయన డేల్ స్నేహితులు. వారమంతా టీవీలో చూసిన కుర్రాళ్ల గురించి ఒకటే గోల. ఫాదర్ ఒబియోరా పళ్లెం పట్టుకుని వెళ్లి వాళ్ల మధ్యలో కూర్చున్నారు, పాపం.

“ఏమిటండీ ఇదంతా? కుర్రాళ్లు చెడ్డీలేసుకుని ఒకరి తర్వాత ఒకరు పరుగెడుతున్నారు. బంతి లేదు, ఆట లేదు. మీరేమో అంత శ్రద్ధగా చూస్తున్నారు” అన్నారు.

“ఫాదర్, మీ నైజీరియాలో పశువుల సంత ఉంటుందా?” అన్నాడు రోలీ. జీవితమంతా పాల ట్యాంకరు నడిపిన మనిషి. “ఉంటుంది కదా. కొనేముందు ఆవును నడిపించి చూస్తారుగా? ఇదీ అంతే. కాలేజీల్లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లను పరుగెత్తిస్తారు, దూకిస్తారు, ఆఖరికి అరచెయ్యి కూడా కొలుస్తారు. ఏప్రిల్ ఆఖర్లో డ్రాఫ్టు. అప్పుడు పెద్ద జట్లన్నీ వంతులేసుకుని, మొత్తం ఏడు వంతుల్లో, తమకు కావలసినవాణ్ణి ఎంచుకుంటాయి.”

“కుర్రాళ్లకు ఇది ఇష్టమేనా?”

“ఇష్టమా? దీనికోసం ప్రాణాలిస్తారు ఫాదర్!”

దాణా కొట్టు మెర్ట్ చేప ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టాడు. “మన జట్టు ఈసారి ఆ పొడుగువాణ్ణి తీసుకోవాలి. వాడి తొడలు చూశారా? దూలాల్లా ఉన్నాయి.”

“పోయినేడు నువ్వు తొడలు చూసి మెచ్చినవాడు ఇప్పుడు టైర్లు అమ్ముకుంటున్నాడు మెర్ట్” అని నా పక్కన బంగాళదుంపలు వడ్డిస్తున్న గ్వెన్ ఇక్కణ్ణించే కేకేసింది. రోలీ భార్య. ఆట గురించి ఆ బల్ల మొత్తానికీ తెలిసినదాని కంటే తనకే ఎక్కువ తెలుసు, వాళ్లు ఒప్పుకోరు గాని.

“మన ఎమ్మెట్‌ను ఆ పెద్ద పరీక్షకు పిలవకపోవడం వాళ్ల ఖర్మ” అన్నాడు రోలీ. “వాడి కాలేజీలోనూ ఇలాంటిదే పదిహేనో తారీఖున పెడుతున్నారుగా. ఆ రోజు చూడండి. డేల్ కొడుకు వాడు!”

నేను నవ్వాను. క్యాబేజీ అయిపోయిందని లోపలికి వెళ్లాను. అయిపోలేదు.

మార్చి 5, ఆదివారం

ఎమ్మెట్ వచ్చాడు. పూజలో నా పక్కనే కూర్చున్నాడు. భోజనానికి రెండుసార్లు వడ్డించుకున్నాడు. బాగానే ఉన్నాడు. వెళ్లేముందు ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. ఏం కావాలో గుర్తు తెచ్చుకుంటున్నాడనుకుంటా.

బాగానే ఉన్నాడు.

మార్చి 6

డిసెంబరు సంగతి ఇందులో రాయను.

మార్చి 15, బుధవారం

బడి వంటగదిలో పిల్లలకు సూప్ పోస్తుంటే ఫోన్ మోగింది. పనివేళలో ఫోన్ ఎత్తకూడదు. ఎత్తాను.

“అమ్మా! నాలుగు సెకన్ల ముప్పై ఎనిమిది! నలభై గజాలు! అక్కడున్నవాళ్లు తమ గడియారాల్ని తామే నమ్మలేదు. మళ్లీ పరుగెత్తించారు. రెండోసారీ అంతే!”

రెండోసారి కూడానా అన్నాను.

మార్చి 17, శుక్రవారం

ఈ రోజు హాల్లో చేప గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను వడ్డిస్తుంటే ఒక్కొక్కరూ నా చెయ్యి పట్టుకున్నారు. గరిటెతో సహా.

“ఏం పెట్టి పెంచావు రెనీ వాణ్ణి? మా మనవడికీ పెడతాను” అని మెర్ట్.

“నీ మనవడికి ముందు బూట్ల తాళ్లు కట్టుకోవడం నేర్పించు” అంది గ్వెన్. తర్వాత గొంతు తగ్గించి, “అబద్ధమెందుకు చెప్పాలి, నేను అనుకోలేదు. బంతి చేతుల్లో నిలవదేమోనని నా అనుమానం ఇంకా అలాగే ఉంది. కానీ ఆ వేగం! దాన్ని ఎవరూ నేర్పలేరు” అంది.

“ఇంకా అనుమానమేంటే?” అని రోలీ బల్ల మీద కొట్టాడు. “మూడో వంతులో పోతాడు. కాదంటే నాలుగు. మన జట్టుకే రావచ్చు! ఆదివారం మధ్యాహ్నం మన టీవీలో మన పిల్లవాడు! డేల్ చూసి ఉంటే...”

అక్కడ ఆపేశాడు. మెర్ట్ ఉప్పు డబ్బా తీసి, ఉప్పు వేసుకోకుండానే మళ్లీ పెట్టేశాడు.

డేల్ పాల షెడ్డులో పడిపోయిన రోజు వీళ్లే వచ్చారు. ఆవులింకా గొలుసులకే ఉన్నాయి. నేను ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే రోలీ, మెర్ట్ మిగిలిన ఆవుల పాలు పితికారు. ఆయనకు నలభై మూడేళ్లు. గుండె గోడ మందమైందని, అది వంశంలో నడుస్తుందని, పిల్లవాణ్ణి కూడా చూపించమని డాక్టర్లు చెప్పారు. చూపించాను. అప్పటికి వాడికి పన్నెండేళ్లు. ఏమీ లేదన్నారు. ఇప్పటికి ఏమీ లేదన్నారు.

మార్చి 19, ఆదివారం

ఫోన్లో మాటల మధ్య అనేశాడు. రెండోసారి పరుగెత్తాక మరుగుదొడ్డిలోకి వెళ్లి కాసేపు కూర్చున్నాడట. కళ్లు మసకబారాయట. “పొద్దున్నుంచీ ఏం తినలేదమ్మా, అంతే.”

“డిసెంబరులో తిన్నావు కదా నాన్నా” అన్నాను.

అవతల తలుపు మూసిన చప్పుడైంది.

ఇక రాస్తాను. ఎవరూ చదవరు కదా. క్రిస్మస్‌కు ముందు మంచు తోడుతూ పోస్టు డబ్బా దగ్గర పడిపోయి ఉన్నాడు. పార చేతిలోనే ఉంది. నేను పరుగెత్తుకెళ్లేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్లు తెరిచాడు. మొదటి మాట, “అమ్మా, ఎవరికీ చెప్పకు.” జపమాల పట్టుకుని మాటిచ్చాను. వాడు నన్ను ఏదైనా అడిగి ఎన్నేళ్లయిందో.

“అది కాలు జారడం” అన్నాడు ఈ రోజు. “నువ్వు మాటిచ్చావు.”

అవును, మాటిచ్చాను.

మార్చి 22

పాపాలు ఒప్పుకోవడానికి, పాపసంకీర్తనానికి వెళ్లాను. పేర్లు చెప్పలేదు. ఒక తల్లి కొడుక్కి మాటిచ్చింది, ఆ మాట నిలబెట్టుకుంటే అతనికి ప్రమాదం రావచ్చు అన్నాను. “ఆ తల్లి మాటిచ్చింది కొడుక్కా, కొడుకు భయానికా?” అన్నారు ఫాదర్ ఒబియోరా.

ఆయనకు ఫుట్‌బాల్ తెలియదు. ఈ ఊరు తెలియదు. చిన్నప్పటి నుంచీ వాడు ఏం కోరుకున్నాడో తెలియదు. ప్రాయశ్చిత్తంగా ఒక పరలోక జపం చెప్పమన్నారు. అంత తేలిగ్గా వదిలినందుకు కోపం వచ్చింది. క్షమించు ప్రభూ.

మార్చి 28, మంగళవారం

ఒక జట్టు తరఫున ఒకాయన వచ్చాడు. ఎంచుకోబోయే కుర్రాడి ఇంటికి, బడికి, చర్చికి వెళ్లి అడిగి తెలుసుకోవడం ఆయన ఉద్యోగమట. మంచివాడు. బూట్లు గుమ్మం బయటే విప్పాడు. ఆపిల్ పై రెండు ముక్కలు తిన్నాడు. ఎమ్మెట్ ఎప్పుడు నిద్రపోతాడు, కోపం వస్తే ఏం చేస్తాడు, ఎవరితో తిరుగుతాడు అని అడిగాడు. అన్నింటికీ మంచి జవాబులే ఉన్నాయి. మంచి పిల్లవాడు.

గోడ మీద డేల్ ఫోటో చూసి ఎలా పోయారని అడిగాడు. గుండె అన్నాను. నిజమే కదా. ఈ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.

అంతే. ఇంకేమీ లేదు.

మార్చి 29

బడిలో ఉల్లిపాయలు తరిగాను. ఏడవడానికి అదొక సాకు.

మార్చి 30, గురువారం

అంతే కాదు.

డేల్ గురించి చెప్పాక ఆయన పళ్లెం పక్కకు జరిపి, “కొడుక్కెప్పుడైనా అలాంటిది జరిగిందా అమ్మా?” అని మెల్లగా అడిగాడు. మోసగాడిలా అడిగి ఉంటే అబద్ధం చెప్పగలిగేదాన్ని. డేల్ ఆవును అమ్మేటప్పుడు కొనేవాడు అడగకముందే దాని లోపం చెప్పేవాడు. ఈ జిల్లాలో అందరిదీ అదే అలవాటు. ఏ పొదుగు గట్టిపడింది, ఏ ఆవు తంతుంది, అన్నీ చెప్పేస్తాం. చెప్పకుండా అమ్మినవాడి దొడ్లోకి ఇంకెవరూ అడుగుపెట్టరు. నా నోటికి అదే అలవాటు. పార గురించి, నీలి పెదాల గురించి అన్నీ చెప్పేశాను. నా పిల్లవాడు ఆవు కాదని ఆయన కారు రోడ్డెక్కాక గుర్తొచ్చింది.

ఈ రోజు ఎమ్మెట్ ఫోన్ చేశాడు. వాళ్లు నగరానికి రమ్మన్నారట. గుండె పరీక్షలు. “డిసెంబరు సంగతి మన ఇద్దరికే తెలుసమ్మా” అన్నాడు.

నేను ఊపిరి తీసుకునేలోపే పెట్టేశాడు.

ఏప్రిల్ 1, శనివారం

నిన్న హాల్లో ఎలా నిలబడ్డానో తెలియదు. ఎమ్మెట్‌ను పరీక్షలకు పిలిచారన్న వార్త నాకంటే ముందే అక్కడికి చేరింది.

“ఎవడో నోరు జారాడు” అని రోలీ అరుస్తున్నాడు. “నాకు తెలుసెవడో. ఆ కాలేజీలో కాళ్లకు పట్టీలు కట్టే శిక్షకుడున్నాడే, వాడే! డేల్ సంగతి వాడికి తెలుసు. రేడియోకి ఫోన్ చేసి చెబుతాను, ఊరూరా తెలిసేలా చేస్తాను!”

“రుజువుందా?” అన్నాడు మెర్ట్.

“రుజువెందుకురా? పిల్లవాడి నోటిదగ్గర కూడు తీసేశాడు వాడు!”

“నువ్వు ఫోన్ చేస్తే పాటలు అడగడానికి చేశావనుకుని పెట్టేస్తారు” అంది గ్వెన్. కానీ తన ముఖంలోనూ నవ్వు లేదు. నా వైపు తిరిగి, “కూర్చో రెనీ. నువ్వేం చేస్తావమ్మా దీనికి” అంది.

రోలీ నిజంగానే ఫోన్ చేశాడు. సాయంత్రం వార్తల తర్వాత రేడియోలో ఆ శిక్షకుడి పేరు చెప్పేశాడు. వంటింట్లో నిలబడి విన్నాను. ఆపలేదు.

ఏప్రిల్ 4

ఒక వైద్యుడు గుండె గోడ మందంగా ఉందన్నాడట, తండ్రిదీ ఇలాగే మొదలై ఉంటుందన్నాడట. ఇంకొకాయన బాగా పరుగెత్తే కుర్రాళ్ల గుండె ఇలాగే పెరుగుతుంది, ఏమీ కాకపోవచ్చు అన్నాడట. ఇవన్నీ గ్వెన్ చెబితే తెలిశాయి. వాడు నాకు ఫోన్ చేయడం లేదు.

కాకపోవచ్చు. ఆ మాటను పట్టుకుని రోజంతా గడిపాను.

ఏప్రిల్ 7, పవిత్ర శుక్రవారం

సిలువ మార్గం ప్రార్థన అయ్యాక అందరూ కిందికొచ్చారు. ఈ రోజు సూప్, రొట్టె అంతే. రోలీ చెబుతున్నాడు, ఆ శిక్షకుడి ఇంటి మీద ఎవరో గుడ్లు విసిరారట. వాడి భార్య దుకాణానికి వెళ్లడం లేదట. “తగిన శాస్తి” అన్నాడు. అని గుటకేసి సూప్ తాగాడు.

నేను గరిటె కింద పెట్టాను.

“రోలీ, చెప్పింది అతను కాదు. నేను” అన్నాను.

నా గొంతు ఎప్పుడూ పెద్దగా రాదు. మళ్లీ చెప్పాల్సొచ్చింది. “ఇంటికొచ్చిన ఆయనకు నేనే చెప్పాను. డిసెంబరులో వాడు పడిపోయాడు. పెదాలు నీలంగా ఉన్నాయి.”

“కన్నతల్లివి!” అన్నాడు రోలీ. తిట్టడానికి మాట వెతికి, దొరక్క, అదే అన్నాడు. సూప్ గిన్నె అలాగే వదిలేసి మెట్లెక్కి వెళ్లిపోయాడు.

మెర్ట్ నా వైపు చూడలేదు. గ్వెన్ నేను కింద పెట్టిన గరిటె తీసుకుని వరసలో ఉన్నవాళ్లకు పొయ్యడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక, “డేల్ పడిపోయినప్పుడు నువ్వు ఒక్కదానివే ఉన్నావు కదూ, మేమొచ్చేదాకా” అంది.

ఏప్రిల్ 8

ఎమ్మెట్. “ఎందుకు చెప్పావమ్మా ఊళ్లో వాళ్లకి? ఆ శిక్షకుడు ఎలాగోలా తట్టుకునేవాడు. నేను నోరు మూసుకున్నది నీకోసం. వాళ్లు నిన్నిప్పుడు ఎలా చూస్తారో తెలుసా?”

నాకోసం. ఇంత కోపంలోనూ. ఈస్టర్‌కి రానన్నాడు.

ఏప్రిల్ 9

ఈస్టర్. హల్లెలూయా పాడాను.

ఏప్రిల్ 21

ఏమీ లేదు. గొంతు నొప్పి.

ఏప్రిల్ 25

రోలీ మా ఇంటి ముందు నుంచి కారులో పోతూ చెయ్యి ఎత్తలేదు. రోడ్డు మీద ఎదురొచ్చిన కుక్కకైనా చెయ్యి ఎత్తే మనిషి. ఇంటికొచ్చి మోకరించాను. ఏం అడగాలో ఈ మధ్య స్పష్టంగా తెలుస్తోంది. ప్రభూ, ఏ జట్టూ నా కొడుకు పేరు పిలవకుండా చూడు. వాడి గుండె పగిలిపోనీ. అలా పగిలితే మళ్లీ అతుక్కుంటుంది.

ఏప్రిల్ 29, శనివారం

డ్రాఫ్టు ఆఖరి రోజు. పొద్దున్నే గ్వెన్ వచ్చి తలుపు కొట్టింది.

“హాల్లో పెద్ద తెర పెట్టాం. ఎమ్మెట్ వస్తున్నాడు. వాడికి ఆ కాలేజీ ఊళ్లో ఒక్కడే కూర్చోవడం ఇష్టం లేదట. నువ్వూ రావాలి.”

“రోలీ?”

“రోలీ సంగతి నాకొదిలెయ్. నలభై ఏళ్ల నుంచి భరిస్తున్నాను, ఈ రోజు కూడా భరిస్తాను.”

వెళ్లాను. ఎమ్మెట్ ముందు వరసలో ఉన్నాడు. నన్ను చూసి తల ఊపాడు, పరిచయం ఉన్నవాళ్లకు ఊపినట్టు. చిక్కాడు. కొత్త చొక్కా. మడతలింకా పోలేదు.

మూడో వంతు, నాలుగో వంతు నిన్ననో ఇంతకు ముందో పోయినట్టున్నాయి. ఐదు నడుస్తోంది. పేరు పిలిచినప్పుడల్లా హాలంతా ముందుకు వంగి, మళ్లీ వెనక్కి వాలుతోంది. “వీడా? వీడి చేతులు నా చేతులంత ఉంటాయి!” అని మెర్ట్. “నీ చేతులకు గొడ్డలి తప్ప ఏం పట్టడం తెలుసు” అని గ్వెన్. ఎవరూ గట్టిగా నవ్వలేదు. ఆరు అయిపోయింది. మన జట్టు ఎవరో లావుపాటివాణ్ణి తీసుకుంది.

ఏడోది, ఆఖరిది, మొదలయ్యేసరికి రోలీ లేచాడు. ఇన్ని రోజుల తర్వాత నా పేరు పలికాడు.

“రెనీ. మనందరిలో దేవుడు వినేది నీ మాటే. నువ్వు మొదలుపెట్టు.”

అందరూ లేచి నిలబడ్డారు. టోపీలు తీశారు. ఫాదర్ ఒబియోరా నా వైపు చూశారు. ఆ చూపులో ఏముందో చదవలేకపోయాను. నేను మొదలుపెట్టాను. మంగళవార్త జపం, పది సార్లు. హాలంతా నాతో పలికింది. వాళ్లు వాణ్ణి పిలవాలని. నేను పిలవకూడదని. ఒకే మాటలు, ఒకే గొంతు. ఎమ్మెట్ కూడా పలికాడు. వాడి పెదాలు కదలడం చూశాను.

పిలవలేదు. ఆఖరి పేరు అయిపోయింది. తెర మీద వాళ్లు ఒకరికొకరు చేతులు కలుపుకుంటున్నారు.

ప్రభూ, నీకు స్తోత్రం. అలాగే అన్నాను లోపల. వాడి వీపు చూస్తూ అన్నాను. ఆ చొక్కా మడతలు చూస్తూ అన్నాను.

మనుషులు కోట్లు వెతుక్కుంటున్నారు. మెర్ట్ కుర్చీలు మడుస్తున్నాడు. అప్పుడు ఎమ్మెట్ జేబులో ఫోన్ మోగింది.

ఎవరూ ఎంచుకోనివాళ్లకు ఆ తర్వాత జట్ల నుంచి నేరుగా ఫోన్లు వస్తాయని నాకు తెలుసు. ఎలా మర్చిపోయానో. వాడు బయటికి వెళ్లాడు. అద్దంలోంచి కనిపిస్తున్నాడు, ఒక చెయ్యి చెవి మీద, తల ఊపుతూ.

లోపలికొచ్చాడు. పడమటి తీరం జట్టట. గుండె సంగతి తెలుసట. తనకు ఏం జరిగినా జట్టుది బాధ్యత కాదని సంతకం చేస్తే మే నెలలోనే శిబిరానికి రమ్మన్నారట. “చేస్తానని చెప్పాను” అన్నాడు.

హాలు పైకప్పు ఎగిరిపోతుందనుకున్నాను. మెర్ట్ కుర్చీ ఎత్తి పట్టుకుని గెంతుతున్నాడు. ఎవరో ఏడుస్తున్నారు. గ్వెన్ మాత్రం కూర్చుండిపోయింది. రోలీ జనాన్ని తోసుకుంటూ నా దగ్గరికి వచ్చి రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. పాలు, పొగాకు, కన్నీళ్ల వాసన.

“నీ ప్రార్థన ఫలించింది రెనీ! విన్నాడు! నీ వెనకాల నిన్ను ఎన్ని మాటలన్నానో, క్షమించు. ఆయన నీ మాటే విన్నాడు!”

ఆమెన్ అన్నాను.

ఏప్రిల్ 30, ఆదివారం

పూజలో ఎమ్మెట్ నా పక్కనే కూర్చున్నాడు. ప్రకటనల్లో ఫాదర్ వాడి పేరు చెబితే జనం చప్పట్లు కొట్టారు, చర్చిలో. ఆయన కొట్టలేదు.

ఒకరికొకరు శాంతి కోరుతూ సమాధానం చెప్పుకునే వేళ వాడు నా వైపు తిరిగాడు. తప్పదు కదా. “క్రీస్తు సమాధానం నీతో ఉండుగాక” అన్నాడు, చెయ్యి చాపి. నేను పట్టుకున్నాను. నా వేలు వాడి మణికట్టు లోపలికి జారింది. నాడి కొట్టుకుంటోంది. బలంగా, కాస్త తొందరగా. ఇంకొంచెం సేపు పట్టుకున్నాను.

నేనేం చేస్తున్నానో వాడికి అర్థమైంది. చెయ్యి లాక్కోలేదు. వెనక వరసలో ఉన్నవాళ్లు వాడి కోసం చేతులు చాపి ఎదురుచూస్తున్నారు.

“అమ్మా, వదులు” అన్నాడు మెల్లగా.